నియమం రాసే తెలుగు



తెలుగు సభ అంటే కవిత్వం, కథ గురించి నాలుగు మాటలు వినవచ్చని మీలో చాలామంది వచ్చి ఉంటారు. నేను ఇంకో రకం రచన గురించి మాట్లాడతాను. పింఛను ఎవరికి రావాలి, ఎవరికి రాకూడదు అని తేల్చే వాక్యాల గురించి. వాటిని సరిగ్గా రాయడం కూడా తెలుగు రాసేవాళ్ల బాధ్యతేనని నా గట్టి నమ్మకం.

కంప్యూటర్ వ్యవస్థలు రూపొందించేవాళ్ల దగ్గర స్ట్రక్చర్డ్ ఇంగ్లిష్ అనే పద్ధతి ఉంది. ఆఫీసులో ఏ పని ఎలా సాగుతుందో, ఏ షరతు మీద ఏ నిర్ణయం జరుగుతుందో ప్రోగ్రామ్ రాయకముందే మామూలు మాటల్లో కట్టుదిట్టంగా రాసుకుంటారు. ఎంత చిక్కు లెక్కనైనా మూడు అమరికలతో చెప్పవచ్చని 1966లో కొరాడో బోమ్, జుసెప్పే జాకోపిని నిరూపించారు: వరసగా చేయడం, షరతును బట్టి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం. 1970ల చివర్లో టామ్ డిమార్కో, క్రిస్ గేన్, ట్రిష్ సార్సన్ తమ పుస్తకాల్లో ఈ మూడింటినీ ఆఫీసు పనుల వర్ణనకు వాడారు. ‘సాధారణంగా’, ‘తగిన విధంగా’ లాంటి జారుడు మాటలకు అందులో చోటు లేదు. ప్రతి పేరుకూ అర్థం డేటా డిక్షనరీ అనే పదాల పట్టికలో ఉండాలి. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. ఆ రాతను ప్రోగ్రామర్ ఒక్కడే చదవడు. రోజూ ఆ పని చేసే గుమాస్తా చదివి, ‘ఇక్కడ తప్పుంది’ అని వేలు పెట్టి చూపగలగాలి.

మన పల్లెల్లో ఆ గుమాస్తా తెలుగులో చదువుతాడు, అర్జీదారూ తెలుగులోనే అడుగుతాడు. ‘కట్టలేరు వాగు పొంగితే తోటమూల దారి పట్టకు, నీరు తగ్గేదాకా ఆగు’ అని వినగడప ఊళ్లో ఎవరైనా అంటారు. షరతు ఉంది, నిర్ణయం ఉంది, ఎప్పటిదాకా ఆగాలో ఉంది. నోట ఇంత తేటగా ఉన్న భాష ఉత్తర్వులోకి వెళ్లేసరికి ఎందుకు మసకబారాలి?

2019 అక్టోబరు 2న మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. వాటి ద్వారా అందిన పింఛను లాంటి పథకాలకు ఆరు అంచెల పరిశీలన పెట్టారు: ఆదాయం, భూమి, కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు వాడకం; పట్టణాల్లో ఇంటి వైశాల్యం కూడా. పల్లెలో నెలకు 10,000 రూపాయల ఆదాయం, 300 యూనిట్ల కరెంటు అన్న అంకెలు అర్జీ పెట్టిన ప్రతి ఇంటికీ కంఠతా వచ్చాయి. మిగతావి పక్కన పెట్టి భూమి షరతు దగ్గర కాసేపు ఆగుదాం. కుటుంబానికి మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి. చదివితే స్పష్టంగానే ఉన్నట్టుంటుంది. ఇప్పుడు నాలుగెకరాల మాగాణి మాత్రమే ఉన్న రైతును తీసుకోండి. మొదటి షరతు ప్రకారం అర్హత లేదు. అతని పక్కింటాయనకు అదే నాలుగెకరాల మాగాణితో పాటు ఎకరం మెట్ట కూడా ఉంది. రెండూ కలిపి ఐదెకరాలు, పదికి లోపే. భూమి ఎక్కువున్నాయనకు పింఛను వచ్చి, తక్కువున్నాయనకు పోతుందా? ఆ రెండు ‘లేదా’ల మధ్య జవాబు దొరకదు. దాన్నే ఇలా రాస్తే:

మాగాణి మాత్రమే ఉంటే: 3 ఎకరాల లోపైతే అర్హత ఉంది, కాకపోతే లేదు.
మెట్ట మాత్రమే ఉంటే: 10 ఎకరాల లోపైతే అర్హత ఉంది, కాకపోతే లేదు.
రెండూ ఉంటే: మాగాణి 3 ఎకరాల లోపు ఉండి, మొత్తం 10 ఎకరాల లోపైతే అర్హత ఉంది, కాకపోతే లేదు.

ఇది ఒక అన్వయం. మూడో వరసలో మాగాణి మాట తీసేస్తే రెండో అన్వయం వస్తుంది. ఏది ఉద్దేశమో ఉత్తర్వు రాసినవారే చెప్పాలి. ఇలా రాసినప్పుడు వాళ్లు చెప్పకుండా తప్పించుకోలేరు. లేకపోతే ఆ నిర్ణయం ఎక్కడో ప్రోగ్రామ్ రాసే కుర్రవాడి చేతిలో పడుతుంది, అతను తీసుకున్నట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు.

‘కుటుంబం’ అన్న మాట ఇంకా బరువైనది. రైస్ కార్డులో పేరున్న కొడుక్కి హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగం వస్తే, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లి ఆ కుటుంబంలో మనిషా, కాదా? ఆమె మందుల ఖర్చు ఆ ఒక్క అర్థం మీద ఆధారపడి ఉంది. మినహాయింపులూ అంతే. కారుంటే అర్హత లేదు, కాని ట్రాక్టరు, ఆటో, టాక్సీ ఉంటే ఫరవాలేదు. ప్రభుత్వ ఉద్యోగి ఉంటే లేదు, కాని పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకు ఉంది. మినహాయింపు షరతు పక్కనే ఉండాలి. ఎక్కడో అనుబంధంలో ఉంటే అర్జీ తిరస్కరించాక గాని ఎవరి కంటా పడదు.

ఈ క్రమశిక్షణ మనకు పరాయిది కాదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఏ సంధి నిత్యమో, ఏది వైకల్పికమో, ఏది బహుళమో, అంటే ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుందో, విడదీసి చెప్పాడు. రెండు సూత్రాలు ఢీకొంటే తర్వాతిదే నిలుస్తుందని పాణిని ముందే కట్టడి చేశాడు. పదాలు కలిసే తీరుకే ఇంత జాగ్రత్త పడ్డవాళ్లం, ముసలితల్లి పింఛను దగ్గర ‘బహుళం’ అనడానికి వీల్లేదు.

అందుకని ఈ సభ ముందు ఒక పని పెడుతున్నాను. ఇక్కడ తెలుగు పంతుళ్లున్నారు, రచయితలున్నారు, సచివాలయ ఉద్యోగులున్నారు, రైతులున్నారు. ఒక్కో పథకం నియమాన్నీ ఈ పద్ధతిలో తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపిద్దాం. అర్థం రెండు రకాలుగా వచ్చిన చోటల్లా గీత గీసి, రాతపూర్వకంగా పై అధికారులను అడుగుదాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక భూమి షరతుతో మొదలుపెడదాం. మాగాణి ఉన్నవారు, మెట్ట ఉన్నవారు, రెండూ ఉన్నవారు దయచేసి పాసుపుస్తకాలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చోండి.