నోటీసుకు జవాబు కాగితంతోనే

 

ఎవరో ఫిర్యాదు చేశారట, మున్సిపాలిటీవారు కొలతలు తీసుకొన్నారట, గోడకు కాగితం అంటించి వెళ్ళారట. బస్తీలో ఈ మాట వినబడగానే మనలో కొందరు ఆ కాగితాన్ని చింపివేస్తారు. కొందరు నాయకుని ఇంటికి పరుగెత్తుతారు. జవాబు వ్రాసేవారు మాత్రం అరుదు. ఆ జవాబు గురించే ఈనాడు మేము మనవి చేయదలచాము.

హైదరాబాదులో ఫిర్యాదు ప్రజావాణిలో గాని, ఫోను ద్వారా గాని, ఆన్‌లైన్‌లో గాని చేరుతుంది. పట్టణ ప్రణాళికా విభాగంవారు స్థలానికి వచ్చి, అనుమతి పత్రంతో కట్టడాన్ని సరిచూస్తారు. తేడా కనబడితే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 452వ సెక్షన్ కింద సంజాయిషీ కోరుతారు. జవాబు రాకపోయినా, సంతృప్తికరంగా లేకపోయినా 636వ సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు వెలువడుతుంది. అనగా మొదటి నోటీసు తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే. మనం మౌనంగా ఉంటే ఆ మౌనమే ఒప్పుకోలుగా ఫైలులోకి ఎక్కుతుంది. గుమాస్తాగిరీలో ఏళ్ళు గడిపిన మాకు తెలిసినది ఇదే: నోటిమాటకు ఫైలులో చోటు లేదు.

మా బస్తీలో ఒక వృద్ధురాలికి ఇటువంటి నోటీసే వచ్చింది. ఆమెకు ఉర్దూ తప్ప మరొకటి చదవరాదు. ఇంటిపన్ను కాగితమనుకొని అల్మారాలో దాచారు. రెండవ కాగితం వచ్చాక మాకు కబురు పెట్టారు. దస్తావేజు, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు జతపరచి జవాబు వ్రాసి, నకలుపై ఆఫీసు ముద్ర వేయించుకొన్నాము. విచారణలో, సందులోకి పొడుచుకువచ్చిన మెట్లు తప్పేనని ఒప్పుకొని, వాటిని మేమే తీయించాము. గదులు నిలిచాయి. మొదటి కాగితం నాడే కబురు అంది ఉంటే ఆ కుటుంబానికి అన్ని రాత్రుల నిద్ర కరువయ్యేది కాదు.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి ఇంటా తెలుసుకోవాలి. నోటీసు రిజిస్టర్డు పోస్టులో పంపాలి, కట్టడానికీ అంటించాలి. కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. యజమాని మాట స్వయంగా వినాలి. కూల్చివేత తప్ప మార్గం ఎందుకు లేదో ఉత్తర్వులో కారణం చూపాలి. ఆ ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఈ నియమాలు మీరిన అధికారి స్వంత సొమ్ముతో నష్టం పూడ్చవలసి ఉంటుంది. చుట్టూ ఉన్న అటువంటి కట్టడాలను వదలి ఒక్కదానినే ఎంచుకొంటే దురుద్దేశాన్ని శంకించవచ్చునని కూడా న్యాయస్థానం పేర్కొన్నది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలుమార్గపు అంచు, చెరువు, నది వంటి చోట్ల కట్టిన వాటికి ఈ రక్షణ వర్తించదు.

కనుక మన వైపునా నిజాయితీ ఉండాలి. దారిలో అడ్డును తొలగించటం ఈమాన్‌లో భాగమని ప్రవక్త (స) బోధించారు. అంబులెన్సు రాలేనంతగా సందును ఇరుకు చేసి, ఆపై హక్కుల మాట ఎత్తితే ఎవరు వింటారు? అసూయతో పొరుగువారిపై ఫిర్యాదు చేయటమూ తగదు. కాని మూతలేని మ్యాన్‌హోలు, మెట్ల దారిని మూసివేసిన అపార్టుమెంటు ప్రాణాలకే ముప్పు. వాటిపై ఫిర్యాదు చేయటం మన బాధ్యత. ఫిర్యాదు సంఖ్యను భద్రపరచండి. చర్య లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే ఇంటి కాగితాలన్నీ ఒక్క సంచిలోకి చేర్చండి. చదవరాని పొరుగువారి గుమ్మానికి కాగితం కనబడితే ఆగి చదివి వినిపించండి. మేము చేయగలిగిన సహాయం ఎల్లప్పుడూ ఉంటుంది.

అల్లాహ్ మన ఇళ్ళను, మన ఇరుగుపొరుగును కాపాడుగాక. ఆమీన్.