గీత ఎక్కడ ఆగాలి



మన రేడియేషన్ విభాగాలకు వచ్చిన కొత్త యంత్రాల గురించి రేపు ఈ సభలో చాలామంది మాట్లాడతారు. నేను, యంత్రం కదలకముందు డాక్టరు స్కాన్ మీద గీసే గీత గురించి మాట్లాడతాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మనమిచ్చే బ్రాకీథెరపీనే, అంటే గడ్డ దగ్గరే ఉంచి ఇచ్చే రేడియేషన్‌నే, ఉదాహరణగా తీసుకుంటాను. మన దేశపు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఈ క్యాన్సరే. మన ఓపీకి వచ్చేసరికి చాలామందికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయి ఉంటుంది.

1938లో మాంచెస్టర్ వైద్యులు డోసు లెక్కకు పాయింట్ ఏ అనే గుర్తును ఇచ్చారు. యోని పైమూల నుంచి 2 సెంటీమీటర్లు పైకి, గర్భాశయ నాళం నుంచి 2 సెంటీమీటర్లు పక్కకి. ఎక్స్‌రే తప్ప మరో ఆధారం లేని రోజుల్లో అది ఎంత గొప్ప ఆలోచనో! కానీ ఆ బిందువుకు గడ్డ ఎంతుందో తెలియదు. చిన్న గడ్డ ఉన్నామెకూ, పక్క కణజాలంలోకి పాకినామెకూ ఒకటే డోసు. ఒకరికి మూత్రాశయం దెబ్బతినేది, మరొకరికి గడ్డ అంచు మిగిలిపోయేది.

2005, 2006లలో ఐరోపాకు చెందిన జీఈసీ-ఎస్ట్రో బృందం ఈ లెక్కను మార్చింది. రేడియేషన్‌ను లోపలికి చేర్చే అప్లికేటర్ పెట్టాక ఎమ్మారై తీయాలి. మిగిలిన గడ్డనూ, మొత్తం గర్భాశయ ముఖాన్నీ, మొదట జబ్బు పాకిన చోట ఇంకా అనుమానంగా కనిపించే బూడిదరంగు ప్రాంతాన్నీ కలిపి గీయాలి. దాన్నే హై-రిస్క్ సీటీవీ అంటున్నాం. మూత్రాశయం, మలాశయం, సిగ్మాయిడ్‌లలో అత్యధిక డోసు పడే 2 ఘనసెంటీమీటర్లను విడిగా లెక్కగట్టాలి. 2008 నుంచి 2015 దాకా ఈ పద్ధతిలో వైద్యం పొందిన 1,341 మందిని ఎంబ్రేస్-1 అధ్యయనం పరిశీలించింది. అయిదేళ్లకు 92 శాతం మందిలో గడ్డ ఉన్నచోట జబ్బు అదుపులోనే ఉంది. ముదిరిన దశల వారు ఎంతోమంది ఉన్న అధ్యయనంలో ఈ ఫలితం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన కష్టం ఇక్కడే మొదలవుతుంది. అప్లికేటర్‌తో సహా ఎమ్మారైలోకి పంపే వీలు మన కేంద్రాల్లో చాలావాటికి లేదు. ఉన్నది సీటీ. అందులో అప్లికేటర్ చక్కగా కనిపిస్తుంది, మూత్రాశయం కనిపిస్తుంది. గడ్డ అంచు మాత్రం తేలదు. పక్కలకు అసలు కన్నా వెడల్పుగా గీసేస్తాం. ఈ ఇబ్బంది కోసమే సీటీ కాంటూరింగ్‌కు, అంటే సీటీ మీద ఈ గీత గీయడానికి, అంతర్జాతీయ సిఫార్సులు 2021లో వచ్చాయి. వాటి తొలి రచయిత డాక్టర్ ఉమేశ్ మహంత్‌శెట్టి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి సారథ్యం వహించినవారు. అవి చెప్పేదాంట్లో ముఖ్యమైనది ఒక్కటే: సీటీని ఒంటరిగా చదవకండి. రోగి మొదట వచ్చిన రోజున వేలితో పరీక్షించి వేసుకున్న బొమ్మ, బ్రాకీథెరపీ రోజున మళ్లీ వేసిన బొమ్మ, దొరికితే ముందు తీసిన ఎమ్మారై, ఇవన్నీ పక్కన పెట్టుకుని గీయాలి.

ఆ మొదటి బొమ్మ మన కేస్‌షీట్లలో ఎన్నింట్లో ఉంటుంది? “పారామెట్రియం ఇన్వాల్వ్‌డ్” అని రెండు మాటలు రాసి వదిలేస్తున్నాం. ఎంతవరకు, ఏ పక్క, కటి గోడను తాకిందా అన్నది అయిదు వారాల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? అవయవాలను తనంతట తానే గీసే సాఫ్ట్‌వేర్‌ను నేను ఆహ్వానిస్తాను. మన పీజీల రాత్రులు కొన్ని మిగులుతాయి. కానీ ఎవరూ రాయని పరీక్షను అది చదవలేదు.

అందుకే ఈ మధ్యాహ్నం ఉపన్యాసాలు తగ్గించమని నిర్వాహకులను కోరాను. పేరు తీసేసిన ఒకే రోగి సీటీని, ఆమె పరీక్ష బొమ్మలతో కలిపి అందరికీ ఇస్తాం. ప్రొఫెసర్లూ పీజీలూ ఎవరికి వారు గీయండి. తర్వాత అన్ని గీతలనూ ఒకే తెర మీద వేసి, ఎక్కడ విడిపోయామో, ఎందుకు విడిపోయామో మాట్లాడుకుందాం. మొదటి గీత నాదే వేయండి.