చింతపిక్కలు, పదిహేనుమంది అమ్మాయిలు



ఎమ్మెస్సీ రోజుల్లో మెస్సులో వంటమనిషినడిగి పదిహేను చింతపిక్కలు తెచ్చుకుని, వాటిమీద తెల్లరంగుతో అంకెలు వేశాను. లెక్క ఇది: పదిహేనుమంది అమ్మాయిలు రోజూ ముగ్గురేసి చొప్పున ఐదు వరుసల్లో నడవాలి. వారం మొత్తంలో ఏ ఇద్దరూ రెండోసారి ఒకే వరుసలో పడకూడదు. ఒక్కో పిల్లకి తక్కినవాళ్లు పద్నాలుగుమంది, రోజుకి ఇద్దరు తోడు, ఏడు రోజులు. కాగితం మీద చక్కగా సరిపోతుంది. నేల మీద మాత్రం నాలుగో రోజుకే ఎవరో ఇద్దరు మళ్లీ ఒకచోట తేలేవారు. మూడు రాత్రులు అదే తంతు. ‘అష్టాచెమ్మా ఒక్కడివే ఆడుతున్నావేంట్రా’ అనేవాడు నా రూమ్మేటు.

ఈ లెక్క వేసినాయన పేరు థామస్ కిర్క్‌మన్. ఇంగ్లండ్‌లో క్రాఫ్ట్ అనే చిన్న ఊళ్లో చర్చి పూజారి. 1850లో ఒక పంచాంగం లాంటి వార్షిక పత్రికలో దీన్ని సరదా ప్రశ్నగా వేశాడు. అసలు పని అంతకు మూడేళ్ల ముందే చేశాడు: ఎంతమంది ఉంటే ఏ జంటా రెండుసార్లు కలవకుండా, ఏ జంటా మిగిలిపోకుండా ముగ్గురేసి జట్లు కట్టొచ్చో 1847లోనే తేల్చి అచ్చువేయించాడు. 1853లో స్టైనర్ అనే పెద్దాయన, ఆ సంగతి తెలియకుండా, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. అడిగినాయన పేరే నిలిచింది. ఇవాళ్టికీ వాటిని స్టైనర్ త్రయాలంటున్నాం. జవాబు చెప్పినాయనకు దక్కింది బడిపిల్లల పొడుపుకథ. దానిమీద కిర్క్‌మన్‌కి కోపం ఉండేదట. ఉండదా మరి!

ఆయన పేరుకి మర్యాద దక్కింది చాలా తర్వాత. 1990లో కెనడాలోని విన్నిపెగ్‌లో గణితజ్ఞుడు రాల్ఫ్ స్టాంటన్ పూనికతో ఒక సంస్థ పుట్టింది: ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాంబినటోరిక్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్. అమర్చడం, లెక్కపెట్టడం, జట్లు కట్టడం అనే ఒక్క శాఖవాళ్ల సంఘం. సభ్యత్వాలు, ఒక బులెటిన్, కొన్ని పతకాలు. కెరీర్ మధ్యలో ఉన్నవాళ్లకి హాల్ పతకం. జీవితమంతా ధారపోసినవాళ్లకి ఆయిలర్ పతకం. పీహెచ్‌డీ పట్టా తడి ఆరని కుర్రవాళ్లకి ఇచ్చేదానికి మన పూజారిగారి పేరు పెట్టారు, కిర్క్‌మన్ పతకం. సకాలంలో గుర్తింపు రాని మనిషి పేరును, అందరికంటే తొందరగా గుర్తించాల్సినవాళ్ల పతకానికి! ఎవరు ఆలోచించారో గాని వాళ్లకి నా దండం.

ఆయిలర్ పేరులోనూ ఒక చమత్కారం ఉంది. 1782లో ఆయన ఒక ఊహ ప్రకటించాడు: రెండు, ఆరు, పది, పద్నాలుగు... ఇలాంటి పరిమాణాల్లో పరస్పరం పొసగే లాటిన్ చదరాల (ప్రతి అడ్డవరుసలో, ప్రతి నిలువువరుసలో ఒక్కో గుర్తు ఒక్కసారే వచ్చే పట్టికల) జంట ఉండదని. నూటడెబ్భై ఏళ్లకు పైగా అది చెక్కుచెదరలేదు. 1959లో మన బోసు, శ్రీఖండే ఇరవైరెండు దగ్గర దాన్ని పడగొట్టారు. పార్కర్ పది దగ్గర పడగొట్టాడు. ముగ్గురూ కలిసి, రెండూ ఆరూ తప్ప తక్కినవన్నీ తప్పేనని తేల్చారు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది ఆ వార్త. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి. ఆర్. రావుగారి లంబ అమరికలూ ఈ ఇంటి పిల్లలే. తప్పు ఊహించినాయన పేరే పెద్ద పతకానికి ఉండటం నాకు నచ్చుతుంది. తప్పయినా సరే, అది దాదాపు రెండు వందల ఏళ్లు పనిచేయించిన తప్పు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మనిషి. చైనాలో బావోటౌ అనే ఊళ్లో లూ జియాషీ అని ఒక బడిపంతులు ఉండేవాడు. చెప్పేది ఫిజిక్స్. పదిహేనుమందికే కాదు, ఎంతమందికైనా కిర్క్‌మన్ లెక్క ఎప్పుడు కుదురుతుందో 1960లలోనే సాధించాడు. పత్రికలకు పంపాడు. తిరిగొచ్చాయి. మళ్లీ పంపాడు. 1971లో అమెరికాలో రాయ్‌చౌధురి, విల్సన్ అదే ఫలితాన్ని ప్రకటించారు. ఆ సంగతి ఈయనకు తెలిసింది 1979లో. కూలబడలేదు. ఇంకా కష్టమైన ఇంకో సమస్య పట్టుకుని దాన్నీ దాదాపు పూర్తిచేశాడు. ఈసారి పత్రిక అచ్చువేసింది. 1983 అక్టోబరులో, నలభై ఎనిమిదేళ్లకే పోయాడు. ప్రకృతి విజ్ఞానాల్లో దేశపు మొదటి తరగతి పురస్కారం ఆయన పోయాక ఇచ్చారు.

రాయ్‌చౌధురిగారికి ఆయిలర్ పతకం వచ్చింది, న్యాయమే. లూకి లేనిది తెలివి కాదు, ఆ కాగితాలు ఆసాంతం చదివే నలుగురు. మన పనిని అర్థం చేసుకోగలిగినవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఒక పెళ్లి బంతికి సరిపోయేంతమంది. వాళ్లను ఒకచోట చేర్చడమే ఇలాంటి సంఘాల పని. పతకం చివర్లో వచ్చే తాంబూలం. ఏడాదికోసారి చందా కట్టి, ముక్కూమొహం తెలియని కుర్రాడి పేపరు రాత్రి పదకొండింటికి ముందేసుకుని, ఏడో పేజీలో లెమ్మా తప్పని రాసి పంపేవాడి పేరు ఎక్కడా అచ్చుకాదు. నా మొదటి పేపరు అలాగే ఎవరో చదివారు. మూడు తప్పులు పట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

రిజిస్ట్రారుగారు వాచీ చూసుకుంటున్నారు. మీ కార్యక్రమ పత్రం వెనక పదిహేనుమందికి ఆరు రోజుల వరుసలు వేయించాను. ఏడో రోజు ఖాళీగా ఉంది. పెన్ను ఉన్నవాళ్లు మొదలుపెట్టొచ్చు.