కదలినచో వెలుగు దీపము, కదలకున్న ఆగు ఫ్యాను

గడచిన వేసవిలో మా యింట నొక చిత్రము జరిగినది. మధ్యాహ్న భోజనమైన పిదప మా అత్తగారు తమ గదిలో పడకకుర్చీపై కూర్చుండి భాగవతము చదువుకొనుచుండిరి. పది నిమిషములు గడచునప్పటికి పైన తిరుగుచున్న ఫ్యాను తనంతట తానే ఆగిపోయెను. ఆమె పుస్తకము ఒడిలో నుంచుకొని, ప్రక్కనున్న తాటాకు విసనకఱ్ఱ నందుకొని విసరుకొన మొదలిడగానే ఫ్యాను మరల తిరుగసాగెను. "ఏమర్రా, నేను విసరుకొంటేనే గాని మీ ఫ్యాను విసరదా?" అని ఆమె యడిగిన ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను.

గదిలో మనిషి యున్నప్పుడు ఫ్యానును తిప్పి, లేనప్పుడు ఆపివేయు సెన్సారు నొకదానిని అంతకు వారము క్రిందటనే అచ్చట అమర్చుకొంటిమి. కరెంటు బిల్లు తగ్గునని మా యాశ. ఆ పరికరమునందు లోపమేమియు లేదు. దానికి చేతనైన పని యొకటి, మేము అప్పగించిన పని మఱియొకటి. ఈ సంగతి తెలియుటకు దాని తీరును కొంత తరచి చూడవలసి వచ్చినది.

1800లో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల కంటికేమియు కానరాని చోట ఉష్ణమాపకము నుంచగా అది వేడిమిని చూపెను. కంటికి కానరాని ఆ కిరణములనే నేడు పరారుణ కిరణములందురు. వెచ్చనైన ప్రతి వస్తువు నుండియు అవి వెలువడుచుండును. మన శరీరము నుండియు వెలువడును. ఇక వీనిని పసిగట్టు స్ఫటికపు కథ మన పొరుగున నున్న సింహళము మీదుగా నడచినది. 18వ శతాబ్ది తొలినాళ్ళలో డచ్చి వర్తకులు అచ్చటి నుండి ఐరోపాకు కొనిపోయిన టుర్మలీను రాయి, నిప్పులలో వేడెక్కినప్పుడు బూడిదను తనవైపు లాగుకొనుచుండెను. వేడిమి మారినప్పుడు కొన్ని స్ఫటికములలో విద్యుత్తు పుట్టుటయే దీనికి కారణము. 'మారినప్పుడు' అను మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మా అత్తగారి చిక్కంతయు ఆ మాటలోనే యున్నది.

సెన్సారు లోపలి స్ఫటికము రెండు భాగములుగా నుండును. పైనున్న తెల్లని ప్లాస్టిక్కు బుడిపె యనేక చిన్న కటకముల కూర్పు; అది గదిని చారలు చారలుగా విభజించి చూపును. మనిషి ఒక చార నుండి మఱియొక చారకు దాటినప్పుడు అతని వేడిమి మొదట ఒక భాగముపైనను, తరువాత రెండవ దానిపైనను పడును. ఆ తేడా వలన సన్నని విద్యుత్తు పుట్టి మీటను కదలించును. అడ్డముగా నడచువానిని ఇది వెంటనే పట్టును. సూటిగా తనవైపు వచ్చువానిని కొంత ఆలస్యముగా పట్టును. పుస్తకము చదువుకొనుచు నిశ్చలముగా కూర్చున్న వారును, నిద్రించు పసిబిడ్డయు దాని లెక్కలో లేనివారే.

మన ప్రాంతమున మఱియొక ఇబ్బంది కూడ కలదు. ఈ సెన్సారుకు మనిషి వేడిమికిని, వెనుకనున్న గోడ వేడిమికిని తేడా యుండవలెను. వడగాడ్పులు వీచు దినములలో గోడలు కాగి మన చర్మమంత వెచ్చనగును. అప్పుడు దాని చూపు మందగించును. ఫ్యాను మిక్కిలి యవసరమైన వేళనే ఇది సరిగా చూడలేకపోవుట మాకు విపరీతముగా తోచినది.

ఇక ఆదాయము మాట. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపమును దినమునకొక గంట ఆర్పుట మరచినచో నష్టము తొమ్మిది వాటు-గంటలు. అరవాటు చొప్పున రేయింబవళ్ళు మేలుకొని యుండు సెన్సారు దినమునకు పండ్రెండు వాటు-గంటలు తానే భుజించును! డెబ్బదియైదు వాట్ల ఫ్యానును మూడు గంటలు మరచినచో 225 వాటు-గంటలు పోవుట నిజమే. కాని, ఆ ఫ్యానుకు బదులు ముప్పది వాట్లతో తిరుగు బి.ఎల్.డి.సి. ఫ్యానును పెట్టుకొన్నచో, దినమునకు పండ్రెండు గంటలు తిరిగినను 540 వాటు-గంటలు, అనగా అర యూనిటుకు పైగా మిగులును. దానికి ఏ సెన్సారును అక్కరలేదు.

మనిషి శ్వాసకు ఛాతీ కదలుటను సైతము పసిగట్టు రాడారు సెన్సారులు ఇటీవల వచ్చినవి. ఇవి కదలకుండ కూర్చున్న వారినిగూడ గుర్తించును. అయితే వాని తరంగములు పలుచని చెక్కతడికెలను దాటి ప్రక్కగదిలోని వారిని కూడ చూచును. సరిగా అమర్చనిచో, ఫ్యాను తిరుగుటనే మనిషి కదలికగా భావించి, ఖాళీగదిలో ఫ్యానును తిప్పుచునే యుండును.

వీధిగుమ్మపు దీపమునకు వెలుతురును గుర్తించు సెన్సారు మేలు. వెలుతురు పడిన సెలీనియములో విద్యుత్తు సులభముగా ప్రవహించునని 1873లో విలోబీ స్మిత్ ప్రకటించిన విషయమే దీనికి మూలము. దానిని ఆ దీపపు వెలుగు సోకని చోట బిగించవలెను. లేకున్న తాను వెలిగించిన దీపమును చూచి తెల్లవారినదనుకొని ఆర్పును, చీకటి చూచి మరల వెలిగించును. పాత యిండ్లలో మీటల పెట్టెలోనికి న్యూట్రలు తీగ రాకపోవుట సామాన్యము. పెక్కు సెన్సారులకు ఆ తీగ కావలెను. కనుక కొనుటకు ముందే ఎలక్ట్రీషియనుచే పెట్టె విప్పించి చూచుకొనుట మంచిది.

మేము ఆ సెన్సారును ఊడదీయించి స్నానపుగదికి పోవు నడవలో పెట్టించితిమి. రాత్రివేళ అత్తగారు లేచి రెండడుగులు వేయగానే అచ్చట దీపము వెలుగుచున్నది. చీకటిలో గోడ తడుముకొను శ్రమ ఆమెకు తప్పినది. ఫ్యాను మీటను మాత్రము ఆమె మంచము తలవైపునకు, పండుకొని చేయి చాచిన నందునట్లు దింపించితిమి. విసనకఱ్ఱ ఇప్పటికిని ఆ ప్రక్కనే యున్నది. కరెంటు పోయినప్పుడు కావలెను గదా!