దెబ్బ తిన్న బండికి ముందు చక్రం ఊగితే
(పాల సేకరణ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశాలలో మనం మామూలుగా పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాము. ఈసారి బండి గురించి చెప్పమని మీలో కొందరు పట్టుబట్టారు. అది న్యాయమే. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు తండాల నుంచి, చిన్న పల్లెల నుంచి పాలు కూలింగు కేంద్రానికి చేరేది చాలాచోట్ల మోటారు సైకిలు మీదనే. నలభై లీటర్ల క్యానులో పాలే 41 కిలోల పైన తూగుతాయి. క్యాను బరువు కూడా కలిపితే యాభైకి దగ్గర. అటొకటి, ఇటొకటి కడితే బండి వెనుక భాగాన క్వింటాలు బరువు వేలాడుతున్నట్టు. ఇంటికి నాలుగు లీటర్లు లెక్క వేసుకున్నా ఆ రెండు క్యాన్లలో ఇరవై ఇళ్ళ పాలు ఉన్నాయి. వాటి వెంట ఒక మనిషి ప్రాణం కూడా ఉన్నది.

మన రెండు జిల్లాలలో బండ్లు ఎందుకు పడుతున్నాయో మీకు తెలియనిది కాదు. అక్టోబరు, నవంబరులలో వానాకాలం వరి, ఏప్రిల్, మే నెలలలో యాసంగి వరి రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోతారు గాని రాళ్ళు అక్కడే ఉంటాయి. తెల్లవారుజామున లైటు వెలుగులో ఆ రాయి, రోడ్డు ఒకే రంగులో కనబడతాయి. రాళ్ళు పేర్చేదీ మనవాళ్ళే, తగిలి పడేదీ మనవాళ్ళే. దీనిపై గ్రామసభలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే మేము సంతోషిస్తాము.

ఇక అసలు విషయానికి వస్తాము. బండి పడింది, బాగు చేయించారు. హెడ్‌లైటు కొత్తది, మడ్‌గార్డు కొత్తది, రంగు కూడా వేశారు. చూస్తే షోరూము నుంచి వచ్చినట్టే ఉన్నది. కాని స్పీడు నలభై దాటగానే హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటున్నది. "సార్, ముందు చక్రం ఊగుతున్నది" అని అందరూ ఒకే మాట చెబుతారు. ఆ మాటలో మూడు వేరు వేరు జబ్బులు దాగి ఉంటాయి.

హ్యాండిలు మాత్రమే గబగబా, సెకనుకు ఏడెనిమిది సార్లు, వణికితే అది ఒకటి. బండి మొత్తం పాము నడిచినట్టు నెమ్మదిగా, సెకనుకు రెండు మూడు సార్లు ఊగితే అది వేరొకటి. ఊగడమే లేకుండా ఎప్పుడూ ఒక పక్కకే లాగితే అది మూడవది. మొదటి రెంటికీ తేడా ఉన్నదని 1971లో ఇంగ్లండులో ఆర్. ఎస్. షార్ప్ అనే ఇంజనీరు లెక్క కట్టి చూపించాడు. మొదటిదానికి ముందు భాగంలో వెతకాలి. రెండవదానికి వెనుక చక్రం, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, వెనుక బరువు కూడా చూడాలి. మూడవదానికి చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి. కాబట్టి మెకానిక్కు దగ్గరకు పోయి "ఊగుతున్నది" అని ఊరుకోవద్దు. ఎంత స్పీడులో, హ్యాండిలా, బండి మొత్తమా, క్యాన్లు ఉన్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా అన్నది చెప్పండి. గేదెకు జ్వరమని మాత్రమే చెబితే పశువుల డాక్టరు ఏమి చేయగలడు?

ఆసుపత్రిలో రోగిని తోసే బండి చిన్న చక్రాన్ని చూసే ఉంటారు. తోసే దిక్కుకు అదే తిరిగి వెనుకగా నడుస్తుంది. కాని దాని పిన్ను వదులైతే, కాస్త వేగంగా తోయగానే టపటపా కొట్టుకుంటుంది. మోటారు సైకిలు ముందు చక్రం కూడా అదే జాతి. దానిని తిన్నగా నడిపించేది ఫోర్కు వాలు. దానిని ఊగకుండా పట్టి ఉంచేది బిగువు. ప్రమాదంలో ఈ రెండూ చెడతాయి. బిగువు చెడితే అందరూ చూస్తారు, వాలు చెడితే ఎవరూ చూడరు.

ఖర్చు లేని పరీక్షలు ముందు చేయండి. టైరు గాలి కొలిపించండి. బండి మీద రాసి ఉన్నంత గాలి ఉండాలి, పంక్చరు షాపతని అంచనా చాలదు. టైరు అంచు పక్కన సన్నని గీత ఒకటి చుట్టూ ఉంటుంది. రిమ్ము నుంచి ఆ గీత దూరం అంతటా ఒకటేనా చూడండి. ఒకచోట లోపలికి పోతే టైరు సరిగా కూర్చోలేదన్నమాట. తరువాత సెంటరు స్టాండు వేసి, ఇంజను కింద ఇటుక పెట్టి ముందు చక్రం లేపండి. ఫోర్కుకు ఒక పుల్ల కట్టి దాని కొన రిమ్ముకు దగ్గరగా ఉంచి చక్రం తిప్పండి. పుల్లకు, రిమ్ముకు మధ్య సందు పెరిగి తరిగితే రిమ్ము బెండు. చువ్వలను ఒక్కొక్కటిగా స్పానరుతో కొట్టి వినండి. మిగతావి టింగుమంటుంటే ఒకటి డబ్బుమన్నదంటే అది వదులైనట్టే. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపితే ఆట దొరికితే బేరింగులు పోయినట్టు.

అక్కడితో దొరకకపోతే కోన్ సెట్‌కు రండి. మా అనుభవంలో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. ఫోర్కు కింది కొసలు రెండూ పట్టుకొని ముందుకు వెనక్కు లాగండి. టక్కు టక్కుమంటే వదులు. తరువాత చక్రం గాలిలో ఉండగానే హ్యాండిలును ఒక వేలితో మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పండి. సరిగ్గా మధ్యకు రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే, దెబ్బకు బంతులు రేసు మీద సొట్టలు వేశాయన్నమాట. ఇక అది బిగిస్తే బాగయ్యేది కాదు, మార్చవలసిందే.

కాని జరిగేది ఏమిటంటే, ఊగుతున్నదనగానే కోన్ సెట్ ఇంకాస్త బిగిస్తారు. ఊపు ఆగినట్టే ఉంటుంది. డబ్బులిచ్చి ఇంటికి వస్తారు. బిగువెక్కువైన హ్యాండిలు తనంతట తాను తిన్నగాకాదు. నెమ్మదిగా పోయేటప్పుడు బండి అటొకసారి ఇటొకసారి తూలుతుంది. అసలు జబ్బు లోపలే ఉంటుంది. పాత బుల్లెట్లకు హ్యాండిలు మధ్యన తిప్పే పిడి ఒకటి ఉండేది. ఊపు తగ్గించడానికే దానిని పెట్టారు. అయినా వంగిన ఫోర్కును అది తిన్నగా చేయలేదు.

దేవరకొండ వైపు ఒక సంఘం పాలు మోసే అతని బండి సంగతి చెప్పాలి. రాయి తగిలి పడ్డాడు. రిమ్ము తీయించాడు, ఊపు పోలేదు. కోన్ సెట్ రెండుసార్లు బిగించారు, ఊపు తగ్గింది గాని తూలుడు మొదలైంది. ముందు నుంచి చూస్తే ఫోర్కు గొట్టాలు రెండూ సమానంగానే ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అదే మోడలు బండి ఆ ఊరిలోనే నాలుగైదు ఉన్నాయి. ఒకదానిని పక్కన నిలబెట్టి, టైరుకు ఇంజనుకు మధ్య సందును కట్టెపుల్లతో కొలిచాము. ఇతని బండికి వేలెడు తక్కువ. గొట్టాలు రెండూ కింది టీకి దిగువన సమానంగా వెనక్కు వంగాయి. ఒకటే వంగి ఉంటే ఏ పిల్లవాడైనా చూసేవాడు. ముందు కోన్ సెట్ మార్పించి నడిపించాము. తూలుడు పోయింది, ఊపు సగం మిగిలింది. తరువాత గొట్టాలు మార్పించాము. అప్పుడు పోయింది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే ఏది దేని వల్లనో మనకు తెలిసేది కాదు. పొదుగువాపు పరీక్షలో నాలుగు చన్ల పాలు ఒకే గిన్నెలో పిండము కదా.

ఫోర్కు గొట్టం కొద్దిగా వంగితే ప్రెస్సు మీద తీయవచ్చు. మడత పడితే, గీత కనబడితే పారవేయండి. గ్యాసు మంట పెట్టి కాల్చి తిన్నగా చేస్తామనే వారి దగ్గర బండి ఉంచవద్దు. కాల్చిన చోట ఉక్కు సత్తువ పోతుంది, మరో గుంతలో అక్కడే వంగుతుంది. కొన్నిసార్లు గొట్టాలు వంగవు, టీలో పక్కకు తిరిగిపోతాయి. అప్పుడు బోల్టులు వదులు చేసి సరిచేసి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. దీనికి పైసా సామాను అక్కరలేదు.

చివరగా ఛాసిస్ మెడ చూడాలి. కొత్త రంగు వేయకముందే చూడాలి, అందుకే రంగు ఆఖరున వేయించమంటున్నాము. మెడ కింద రంగు ముడతలు పడినా, పెచ్చులు లేచినా లోపల ఇనుము కదిలినట్టే. మెడ వెనక్కు నొక్కుకుపోతే ఫోర్కు నిటారై, చక్రానికి తిన్నగా నడిచే గుణం తగ్గుతుంది. ఆ బండి మీద క్యాన్లు కట్టవద్దని మా గట్టి అభిప్రాయం. సొంత నష్టానికి కూడా బీమా ఉంటే బాగుచేయించే ముందే కంపెనీకి తెలియజేయండి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే ఈ ఖర్చు రాదు. అటువంటి సభ్యునికి సంఘం నుంచి బదులు ఇచ్చే సంగతి పాలకవర్గాలు ఆలోచించాలి. పాలు పులుస్తాయన్న తొందరలో అతడు ఊగే బండే ఎక్కుతాడు మరి.

బాగైన బండిని ముందు ఖాళీగా నడపండి. తరువాత క్యాన్లలో సగం నీళ్ళు కాదు, నిండా నీళ్ళు పోసి నడపండి. సగం క్యానులో నీళ్ళు కదిలి అదొక ఊపు పుట్టిస్తాయి. క్యాన్లు వెనుక ఇరుసు దాటి వెనక్కు వేలాడితే ముందు చక్రం తేలికై మంచి బండి కూడా ఊగుతుంది. కొక్కేలు వీలైనంత కిందికి, ముందుకు పెట్టించండి. దారిలో ఊపు మొదలైతే ముందు బ్రేకు గట్టిగా పట్టవద్దు. హ్యాండిలు వదలకుండా, బిగపట్టకుండా, ఒళ్ళు కాస్త ముందుకు వంచి రేసు మెల్లగా తగ్గించండి.

వచ్చే నెల సమావేశానికి అనుమానమున్న బండ్లు తీసుకురండి, సమావేశం అయిపోయాక ఆవరణలోనే చూద్దాము. క్యాన్లు మాత్రం ఇంటి దగ్గర దించి రండి.