ఉసిరిక – నేల ఉసిరిక
(పాఠశాల వార్షికోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



మన యింటిలో నేల ఉసిరి యని పిలువబడు మొక్కను వీథిలో మన పిల్లలు కీళానెల్లి యందురు. రెండు పేర్లును ఒక్క సత్యమునే చెప్పుచున్నవి: ఇది ఉసిరికకు చుట్టము. జానెడు మొక్కకును, ఇంటెత్తు చెట్టుకును చుట్టరికమేమని సంశయము కలుగవచ్చును. సన్నని రెమ్మకు ఇరువైపుల చిన్న ఆకులు బారులు తీరి, అంతయు ఒకే ఆకువలె కనబడుట రెండింటను గలదు. నేల ఉసిరిలో ఆ రెమ్మక్రింద ఆవగింజలవంటి కాయలు వరుసగా నుండును. వృక్షశాస్త్రజ్ఞులు రెండింటిని ఫిల్లాంథస్ అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. మన ప్రాచీన వైద్యులును ఒకదానిని ఆమలకి యనియు, రెండవదానిని భూమ్యామలకి యనియు పేర్కొనిరి.

చుట్టములైనంత మాత్రమున గుణములన్నియు ఒకటి కావు. ఉసిరికాయలో ముఖ్యమైనవి సి విటమినును, వగరునిచ్చు టానినులును. నూరు గ్రాముల కాయలో 600 మిల్లీగ్రాముల సి విటమిను గలదని మన పాత ఆహారపట్టికలు చెప్పెడివి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలో అది ఇంచుమించు 250 మాత్రమే. తగ్గినను నారింజకు పలురెట్లు ఎక్కువయే.

ఈ పదార్థములు ఆక్సీకరణమును అడ్డగించునవి. నిలువయుంచిన నూనె ముక్కిపోవుటయు, కోసిన వంకాయ నల్లబడుటయు ఆక్సీకరణమే. శరీరమునందును ప్రాణవాయువు వినియోగమగునపుడు కొన్ని తుంటరి అణువులు పుట్టి, తమకు లోపించిన ఎలక్ట్రానును పొరుగువానినుండి లాగికొనును. సి విటమిను, టానినులు తమ ఎలక్ట్రానును తామే యిచ్చి వానిని శాంతింపజేయును.

నేల ఉసిరిలోను గాలికామ్లము, ఎల్లాజికామ్లము, కొరిలాజిన్ మున్నగు ఆ తెగ పదార్థములున్నవి. కాని దాని సొంత సొత్తు లిగ్నానులు. వానిలో ప్రసిద్ధమైనవి ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్. ఇచ్చట మనము సంతసింపదగిన సంగతి యొకటి గలదు. తమిళదేశమున కుళిత్తలైలో జన్మించిన ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున నుండగా, తమ సహచరునితో కలిసి 1946లో ఈ మొక్క చేదును గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. 1960 దశకమున అచ్చటనే ఆచార్య ఎల్. రామచంద్రరావుగారి బృందము ఫిల్లాంథిన్ నిర్మాణమును నిర్ణయించినది. ఆ ప్రాంతమునుండి యీ ప్రాంతమునకు రాకపోకలు మన తాతల వలసలతోనే ఆగలేదన్నమాట.

ఇక కామెర్ల విషయము. బిడ్డ కన్నులు పచ్చబడగానే మనలో పెక్కుమంది ముందుగా వెదకునది ఈ పసరునే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరసు గలవారికి దీని చూర్ణమునిచ్చి, 37 మందిలో 22 మందికి రక్తమున ఆ వైరసు చిహ్నము పోయినదనియు, మందు లేనివారిలో 23 మందికి ఒక్కరికే పోయినదనియు లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఎంతో ఆశ కలిగినది. అయితే తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. గాజుగొట్టములో ఆక్సీకరణమును ఆపినదెల్ల కాలేయమును కాపాడునని తలచరాదు. పిల్లలకు సాధారణముగా వచ్చు హెపటైటిస్ ఏ కొన్ని వారములలో చాలవరకు తనంతట తగ్గును. కీర్తి పసరునకు దక్కును. కాని కొందరికి తగ్గదు. బిడ్డ మగతగా నున్నను, మాట తడబడినను, వాంతులు ఆగకున్నను, రక్తము కారినను, పసరుకొరకు ఒక పూటయైనను వృథాచేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ మాటను కఠినముగానే చెప్పుచున్నాను.

పైగా కోసి తెచ్చినది నేల ఉసిరియే యని నమ్మకమేమి? ఎర్రని కాడ, గరుకు కాయ గల మరియొక చుట్టము దాని ప్రక్కనే మొలచును. దానిలో ఫిల్లాంథిన్ లేకుండుటయో, మిక్కిలి తక్కువగా నుండుటయో జరుగును. అంగడిలోని ఎండుకట్టలో రెండును కలిసియుండవచ్చును.

ఉసిరికాయకు ఇంత విచారణ అక్కరలేదు. ఎక్కువసేపు ఉడికించినచో సి విటమిను నశించును గనుక, పచ్చికాయను ఉప్పద్ది పిల్లల చేతికిచ్చుట మేలు. మొదట మొగము చిట్లించినను, పిమ్మట నీళ్లు త్రాగినపుడు తీపి తగిలి మరియొకటి యడుగుదురు.