ఒక్క పట్టిక - పెక్కు ద్వారములు



"నేను ఫలానావాడను" అని ఎవడైనను చెప్పవచ్చును. అది నిజమో కాదో తెలియుట యెట్లు? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. నేటి కంప్యూటరులు దీనికి ఏ విధముగా సమాధానము రాబట్టుచున్నవో, అందు మనము గమనింపవలసిన దేమో మనవిచేయుదును.

పూర్వము ముక్కు మొగ మెరుగనివాడు అప్పునకై వచ్చినప్పుడు షావుకారు కరణమును విచారించుట కలదు. "ఔను, వీడు ఫలానావారి కుమారుడే" యని కరణము చెప్పినంతమాత్రమున అప్పిచ్చి తీరవలెనని లేదు. మనిషి యెవరో చెప్పుట కరణము వంతు. వానికెంత యీయవచ్చునో నిశ్చయించుట షావుకారు వంతు. 1984లో మన రాష్ట్రమున కరణము పదవి రద్దయినది. కాని యీ పనుల విభజన కంప్యూటరులలో నేటికిని నిలిచియున్నది.

ఒక పెద్ద కార్యాలయమును తలపోయుడు. ఉత్తరములకు ఒకటి, సెలవులకు ఒకటి, జీతములకు ఒకటి, ఇట్లు అనేక వెబ్ అప్లికేషనులు అచ్చట నుండును. ప్రతిదియు తన ఉద్యోగుల పట్టికను తానే వ్రాసికొన్నచో, ఒక్కొక్కరు పది పాస్‌వర్డులు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకడు ఉద్యోగము మానినప్పుడు పది చోట్ల వాని పేరు కొట్టివేయవలెను. ఒక్కచోట మఱచినను ఆ తలుపు వానికి తెరచియే యుండును. కావున పేర్లన్నియు ఒక్కచోట పదిలపఱచి, అప్లికేషనులన్నియు అచ్చటనే విచారించునట్లు ఏర్పాటు చేసిరి. ఆ పట్టికకు డైరెక్టరీ యని పేరు.

ఇట్టి పట్టికలకు 1988లో ఎక్స్.500 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడెను. అది చిన్న యంత్రములకు మోయరాని భారమయ్యెను. 1993లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున దానికొక తేలికమార్గము రూపొందెను. అదియే ఎల్‌డ్యాప్. 1997లో వచ్చిన దాని మూడవ రూపమే నేటికిని వాడుకలో నున్నది. మైక్రోసాఫ్టువారి యాక్టివ్ డైరెక్టరీయు, ఉచితముగా లభించు ఓపెన్ ఎల్‌డ్యాప్ అనునదియు ఈ పద్ధతినే యెరుగును.

పని జరుగు తీరిది. ఉద్యోగి తన పేరును, పాస్‌వర్డును వ్రాయును. అప్లికేషను మొదట తన సొంత గుర్తుతో డైరెక్టరీని సమీపించి, ఆ పేరుగలవాని పూర్తి చిరునామా పట్టికలో నెక్కడ నున్నదో వెదకును. తరువాత ఆ చిరునామాను, ఉద్యోగి వ్రాసిన పాస్‌వర్డును కలిపి డైరెక్టరీకి సమర్పించును. డైరెక్టరీ సమ్మతించినచో ద్వారము తెరచుకొనును. పాస్‌వర్డును అప్లికేషను తనయొద్ద దాచుకొన నక్కరలేదు.

ఇందు జాగ్రత్తలు కొన్ని కలవు. మొదటిది దారి. 389వ సంఖ్యగల వాకిట సాధారణముగా జరుగు సంభాషణ, మూత వేయని ఉత్తరము వంటిది. నడుమ నున్నవాడు చదువగలడు. 636వ వాకిట గాని, మొదటి వాకిటనే రహస్యలిపిని కోరి గాని మాటలాడవలెను. రెండవది, ఖాళీ పాస్‌వర్డు. పేరు మాత్రము పంపి పాస్‌వర్డు ఖాళీగా విడిచినచో, కొన్ని డైరెక్టరీలు దానిని గుర్తు చూపని రాకగా నెంచి కాదనకుండును. అప్లికేషను దానినే "ఔను" అని గ్రహించినచో, ఎవని పేరుతో నెవడైనను లోనికి రావచ్చును. 2006 నాటి ప్రమాణపత్రమే యీ ప్రమాదమును హెచ్చరించినది. మూడవది, డైరెక్టరీ పడిపోయినచో తలుపులన్నియు ఒక్కసారి మూతపడును. అందుచేత అప్లికేషనులోనే ఒక అత్యవసరపు తాళపుచెవిని భద్రముగా నుంచవలెను.

ఇది పట్టణపు ఉద్యోగుల గొడవ, మనకేల యని యందురేమో. చౌకధరల దుకాణమున బియ్యమునకై వ్రేలు పెట్టు యంత్రమును మీ రెరుగుదురు. 2010లో మొదటి సంఖ్య నిచ్చిన ఆధార్ ఏర్పాటు ఎల్‌డ్యాప్ కాదు. అయినను పద్ధతి యిట్టిదే. యంత్రము దూరముననున్న పట్టికను "ఈ వ్రేలిముద్ర ఈ సంఖ్యదేనా?" యని యడుగును. "ఔను" లేక "కాదు" అని బదులు వచ్చును. బియ్య మెంత రావలెనో చెప్పునది ఆ పట్టిక కాదు. అది రేషను కార్డు చెప్పవలసిన మాట.

ఇచ్చట "కాదు" అనగా మనిషి అబద్ధమాడెనని యర్థము కాదు. నాగలి పట్టి, కలుపు తీసి అరిగిన వ్రేళ్లను యంత్రము పోల్చుకొనలేదని కావచ్చును. నెట్‌వర్కు తెగినచో ఆ బదులైనను రాదు. కార్యాలయములో తలుపు తెరువకున్న ఒకపూట పని నిలుచును. ఇచ్చట తెరువకున్న ముసలమ్మ పొయ్యి వెలుగదు. అందుచేతనే వ్రేలిముద్ర కుదరలేదని హక్కుదారును త్రిప్పి పంపరాదనియు, కంటిపాప గుర్తు, ఫోనుకు వచ్చు సంఖ్య మున్నగు ఇతరమార్గముల నవలంబింపవలెననియు ఆధార్ సంస్థవారు 2017 అక్టోబరులో తెలియజేసిరి.

కావున మీ గ్రామమున ఎవరైనను వట్టిచేతులతో తిరిగివచ్చినచో, "యంత్రము కాదన్నది" యను మాటతో తృప్తిపడకుడు. "రెండవ ద్వార మేది?" యని దుకాణదారును మర్యాదగా, గట్టిగా నడుగుడు. మనిషి యెవరో పట్టిక చెప్పవచ్చును. పట్టిక మౌనము వహించినప్పుడు వానిని గుర్తించి సాక్ష్యము పలుకవలసినవారు ఊరి పెద్దలే.